పాత బొక్కలు చూసి పని చెప్పొచ్చా?

మీరడిగారు: ఎముకలు, కీళ్ల గురించి పాఠకుల ప్రశ్నలకు వరంగల్‌లో అనాటమీ చెప్పి రిటైరైన మా టీచరమ్మ జవాబులు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది తాడ్వాయి దగ్గర ఊరు. దామరవాయి గుట్టల మీద రాకాసి గుళ్లు (పెద్ద రాళ్లతో కట్టిన పాతకాలం సమాధులు) ఉన్నాయి కదా, వాటిని చూడటానికి వచ్చిన ఒకాయన మా బడి పిల్లలతో, "ఇలాంటి పాత సమాధుల్లో దొరికే బొక్కలు చూస్తే ఆ మనిషి యుద్ధవీరుడా, నేతగాడా, రైతా ఇట్టే చెప్పేస్తారు" అన్నారు. నేను సైన్స్ చెప్తాను. పిల్లలు "ఎట్లా చెప్తారు సార్" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. నిజంగా చెప్పొచ్చా?
– ఒక ఉపాధ్యాయుడు, ములుగు జిల్లా

జవాబు: సారూ, కొంత చెప్పొచ్చు. ఆయన అన్నంత మాత్రం చెప్పలేం. ఎంతవరకు చెప్పొచ్చో, ఎక్కడ ఆగిపోవాలో వివరంగా రాస్తాను, కాస్త ఓపిక పట్టండి.

నేను 31 ఏళ్లు ఎముకలు చేతిలో పట్టుకొని పాఠం చెప్పాను. మొదటి సంవత్సరం పిల్లలు ఎముకంటే ఎండుకట్టె అనుకొని వస్తారు. బతికున్న మనిషిలో ఎముక పచ్చిగా, రక్తం పారుతూ ఉంటుంది. పాతదాన్ని తొలిచే కణాలు కొన్ని, కొత్తది పోసే కణాలు కొన్ని రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటాయి. పెద్దవాళ్ల అస్థిపంజరంలో ఏటా దాదాపు పదో వంతు ఇలా కొత్తదవుతుంది. బరువు పడినచోట ఎక్కువ పోసుకుంటుంది, పడనిచోట తగ్గించుకుంటుంది. జర్మనీ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లో ఈ సంగతిని ఒక సూత్రంగా చెప్పాడు. పిల్లలకు టెన్నిస్ ఆటగాళ్ల సంగతి చెప్పండి, వెంటనే అర్థమవుతుంది. 1977లో వృత్తి ఆటగాళ్ల చేతులకు ఎక్స్‌రేలు తీసి చూస్తే, రాకెట్ పట్టే చేతిలో దండ ఎముక (భుజం నుంచి మోచేతి దాకా ఉండేది) గోడ రెండో చేతికంటే మగవాళ్లలో సుమారు 35 శాతం, ఆడవాళ్లలో 28 శాతం మందంగా ఉంది. మనిషి ఒక్కడే, తిండి ఒక్కటే, వయసు ఒక్కటే. తేడా అంతా పనిది.

పాత ఎముకలు చదివేవాళ్లు ఈ ధైర్యంతోనే మొదలుపెడతారు. ముందు ఎముక నడిమి భాగాన్ని స్కాన్ తీసి గోడ మందం, గుండ్రమా, ఒక పక్కకు సాగిందా అని చూస్తారు. ఆపైన కీళ్లు చూస్తారు. మెత్తటి ఎముక అరిగిపోయి ఎముకకు ఎముక రాసుకుంటే ఆ చోటు ఏనుగు దంతంలా నున్నగా మెరుస్తుంది. వేలితో తాకితే గాజులా ఉంటుంది. ఆ మనిషి ఎంత నొప్పి పడి ఉంటాడో అని నాకు ప్రతిసారీ మనసు కలుక్కుమనేది. ఇక కండరాలు ఎముకను పట్టుకునే చోట్లు. కండరం చివర ఉండే గట్టి తాడు లాంటి టెండాన్ ఎముకలో దిగే చోట గరుకు, గట్టు, చిన్న గుంటలు ఏర్పడతాయి. దండ ఎముక బయటి వైపు భుజం కండరం అతుక్కునే గరుకుపట్టీని నేను పిల్లల చేత కళ్లు మూసుకొని తడిమించేదాన్ని. ఒక పెట్టెలోని ఎముక మీద అది గట్టులా చేతికి తగిలేది, ఇంకో పెట్టెలో ఉందా లేదా అన్నట్టు ఉండేది.

ఆ పెట్టెల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. నేను చదువుకునే రోజుల్లో ఎముకల సెట్లు ఊరు పేరు లేకుండా వచ్చేవి. 1985లో నిషేధించేదాకా మన దేశం నుంచి మనుషుల అస్థిపంజరాలు బయటి దేశాల మెడికల్ కాలేజీలకు ఎగుమతి కూడా అయ్యేవి. అవి ఎవరివో ఎవరూ రాసి పెట్టలేదు. బతికినన్నాళ్లూ బరువులు మోసిన పేదల ఎముకలే అయ్యుంటాయని నా నమ్మకం. అందుకే కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ పెట్టె తెరిచేముందు ఒక నిమిషం నిలబడమనేదాన్ని.

ఆ ఎముకల్లోనే నాకు ఒక విషయం కనిపించింది. పిక్క ముందరి పెద్ద ఎముక అడుగున, చీలమండ దగ్గర, ముందు అంచు మీద చిన్న నున్నటి ముఖం. మేం చదివిన విదేశీ పుస్తకాల బొమ్మల్లో అది కనిపించేది కాదు, మా ఎముకల్లో తరచుగా ఉండేది. గొంతుక్కూర్చుంటే చీలమండ పూర్తిగా వంగి, ఆ అంచు కింది ఎముక మెడకు తగులుతుంది. ఏళ్ల తరబడి తగిలి తగిలి అక్కడ చిన్న కీలులాంటిది ఏర్పడుతుంది. లాహోర్‌లో అనాటమీ చెప్పిన హావెలాక్ చార్ల్స్ 1893లోనే పంజాబీల కాళ్ల ఎముకల గురించి రాస్తూ దీన్ని చెప్పాడు. 1959లో ఇందర్‌బీర్ సింగ్ భారతీయుల ఎముకల్లో వివరంగా చూపించాడు. మీ పిల్లలు అడిగిన దానికి జవాబు ఇక్కడే ఉంది. ఆ గుర్తు "ఈ మనిషి రోజూ గొంతుక్కూర్చున్నాడు" అని చెప్తుంది. పొయ్యి ముందు కూర్చున్నాడా, బీడీలు చుట్టాడా, కుండలు చేశాడా, అరుగు మీద ముచ్చట పెట్టాడా అన్నది చెప్పదు. భంగిమ తెలుస్తుంది, వృత్తి తెలియదు.

చాలా దూరం వెళ్లి చెప్పగలిగిన సందర్భాలూ ఉన్నాయి. సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున అబూ హురైరా అని తొలి వ్యవసాయం నాటి ఊరు. డ్యామ్ నీళ్లలో మునిగిపోతుందని 1972, 73లో హడావుడిగా తవ్వారు. అక్కడి ఎముకల్ని చదివిన తేయా మోలెసన్ 1994లో ఒక విషయం బయటపెట్టింది. నడుము దగ్గరి వెన్నుపూసలు, మోకాళ్లు దెబ్బతిని ఉన్నాయి. కాలి బొటనవేలి కీలు బాగా అరిగి ఉంది. ఇవన్నీ ఎక్కువగా ఆడవాళ్లలో. మోకాళ్ల మీద కూర్చొని, కాలివేళ్లు వెనక్కి మడిచి నేలకు ఆనించి, రెండు చేతులతో రాయిని ముందుకీ వెనక్కీ తోస్తూ గింజలు నూరితే దెబ్బ తినేవి సరిగ్గా ఈ చోట్లే. అలాంటి నూరుడు రాళ్లు కూడా ఆ ఊళ్లోనే దొరికాయి. ఎముక ఒకటి చెప్పింది, రాయి అదే చెప్పింది. అందుకే నేను ఆ మాట నమ్ముతాను. మా అమ్మ ఇసుర్రాయి తిప్పేటప్పుడు ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి కూర్చునేది. ఆమె బొటనవేలి మీద ఏ భారమూ పడలేదు. అదే పిండి, అదే తిండి, కానీ బొక్కల మీద పడే గుర్తు వేరు. సిరియా గుర్తులు పట్టుకొచ్చి మన ఊరి ఎముకల మీద వెతికితే తప్పిపోతాం.

ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మధ్య యూరప్‌లో తొలి రైతుల ఎముకల్ని కేంబ్రిడ్జ్‌లో అలిసన్ మాకింటోష్, తోటివాళ్లు స్కాన్ చేసి 2017లో ఫలితాలు ప్రచురించారు. అప్పటి ఆడవాళ్ల ఎముకల్ని మగవాళ్లతో పోల్చకుండా, బతికున్న ఆడవాళ్లతో పోల్చారు. వాళ్లలో రోజూ పడవ తెడ్లు వేసి సాధన చేసే క్రీడాకారిణులు కూడా ఉన్నారు. 7,000 ఏళ్లు దాటిన ఆ రైతమ్మల దండ ఎముకలు ఆ క్రీడాకారిణుల ఎముకలకంటే 11 నుంచి 16 శాతం గట్టిగా ఉన్నాయి. ఆడ ఎముకను మగ ఎముక పక్కన పెడితే ఎప్పుడూ సన్నగానే కనిపిస్తుంది, చేసిన చాకిరీ కనబడదు. ఈ పరిశోధన గురించి చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మా వైపు నాట్లు వేసి, కలుపు తీసి, ఇంటికొచ్చి మళ్లీ నీళ్లు మోసిన ఆడవాళ్లందరూ కళ్లముందు తిరిగారు.

ఇక యుద్ధవీరుడు. సమాధిలో పక్కన కత్తి ఉంటే వీరుడు అనేయడం పాత అలవాటు. స్వీడన్‌లో బిర్కా అనే చోట 1878లో తవ్విన ఒక సమాధిలో ఆయుధాలు, రెండు గుర్రాలు ఉన్నాయి. వందేళ్లకు పైగా అది మగ యోధుడిదే అనుకున్నారు. 2017లో డీఎన్ఏ చూస్తే ఆడమనిషి. ఎముకల మీదే ఆధారపడ్డ ఉదాహరణ కావాలంటే ఇంగ్లండ్ రాజు ఓడ మేరీ రోజ్ ఉంది. 1545లో మునిగి, 1982లో పైకి వచ్చింది. వందకు పైగా పెద్ద విల్లులతో పాటు నావికుల ఎముకలు దొరికాయి. మామూలుకంటే ఎక్కువమందిలో భుజం పైకొన ఎముక పెద్దయ్యాక అతుక్కోవాల్సింది అతుక్కోకుండా మిగిలింది. చిన్నప్పటి నుంచి బలమైన విల్లు లాగడం వల్లనే అలా మిగిలిందని ఆన్ స్టర్లాండ్ వాదించింది. బలమైన వాదనే. కానీ విల్లు ముట్టని జనంలో కూడా ఆ ఎముక కొందరికి అతుక్కోదు. విల్లులు ఆ ఓడలోనే ఉన్నాయి కాబట్టి మాట నిలబడింది. ఒట్టి భుజం ఎముక ఒక్కటి చేతికిచ్చి "విలుకాడు" అంటే నేను ఒప్పుకోను.

నేతగాడి సంగతి చివరికి ఆపుకున్నాను. మాది వరంగల్ కొత్తవాడ. మా నాయన గుంట మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. పొద్దున మగ్గం గుంటలో కాళ్లు పెడితే మధ్యాహ్నం అన్నానికి లేచేవాడు. లేచేటప్పుడు రెండు చేతులూ నేలకు ఆనించి, మోకాళ్లు సాగేదాకా కాసేపు అలాగే వంగి ఉండేవాడు. వేళ్ల కణుపులు ఉబ్బి ఉండేవి. ఇంత పని ఎముకల మీద రాసి ఉండకపోతుందా అని, ఈ విద్యలో నేను మొదట వెతికింది నేతగాళ్లనే.

దొరికారు, లండన్‌లో. స్పిటల్‌ఫీల్డ్స్ అనే పేట పట్టు నేతకు పేరు. అక్కడి క్రైస్ట్ చర్చి కింది నేలమాళిగను 1984 నుంచి 86 వరకు ఖాళీ చేశారు. వందల శవపేటికలు. వాటిలో చాలావాటి మీద పేరు, వయసు రాసిన రేకులు ఉన్నాయి. ఎవరు నేతగాళ్లో పాత రికార్డుల్లో తెలిసింది. చేతుల కీళ్లు అరిగినవాళ్లలో నేతగాళ్లు ఎక్కువ ఉంటారని ఎవరైనా అనుకుంటారు. టోనీ వాల్డ్రన్, మార్గరెట్ కాక్స్ 1989లో లెక్క తేల్చారు. సంబంధం ఏమీ కనబడలేదు. నేతగాళ్ల చేతులు, నేత ఎరుగనివాళ్ల చేతులు ఒకేలా అరిగాయి.

చదవగానే నాకు కోపం వచ్చింది, దాచుకోను. మా నాయన వేళ్లు నేను చూశాను కదా అనుకున్నాను. తర్వాత నిదానంగా ఆలోచిస్తే అర్థమైంది. మా వీధిలో కిరాణా కొట్టు పెద్దాయన వేళ్లు కూడా ఉబ్బే ఉండేవి. ఆయన వైపు నేనెప్పుడూ ఆ కంటితో చూడలేదు. కీళ్ల అరుగుదలకు అన్నిటికంటే పెద్ద కారణం వయసు. కండరాలు అతికే చోట గరుకుదనానికీ అంతే. పోర్చుగల్‌లోని కొయింబ్రాలో పేరు, వయసు, వృత్తి తెలిసిన అస్థిపంజరాలు వందల్లో ఉన్నాయి. వాటిని పరీక్షించిన కొద్దీ వయసు ముందు వృత్తి వెనకబడుతూ వచ్చింది. 2009లో అక్కడే కూర్చొని పరిశోధకులు "పని ఒత్తిడి గుర్తులు" అన్న పాత పేరునే వదిలేశారు. కండరం అతికిన చోట వచ్చిన మార్పు, అంతవరకే అందామన్నారు. పేరులోనే కారణం చెప్పేస్తే ఇక వెతకడానికి ఏముంటుంది? ఆ నిర్ణయం నాకు చాలా నచ్చింది.

మనకు ఇంకో చిక్కు కూడా ఉంది. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ల సంగతి తెలియనివాళ్లు తెలంగాణలో లేరు. ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే టెండాన్లు, కీళ్ల పట్టీలు అతికే చోట ఎముక మొలుచుకొస్తుంది. నీళ్ల సంగతి తెలియనివాడు ఆ ఎముకల్ని చూస్తే, ఎంత బరువులు మోశాడో అనుకుంటాడు.

మీ దగ్గరి రాకాసి గుళ్ల లాంటి సమాధుల విషయానికొస్తే, దక్షిణాదిలో ఆ కాలం సమాధుల్లో చాలాచోట్ల మనిషిని మొత్తంగా పెట్టలేదు. శరీరం కుళ్లి పోయాక కొన్ని బొక్కలు ఏరి పెట్టారు, ఒక్కోసారి ఇద్దరు ముగ్గురివి కలిపి. కుడి చేయిని ఎడమ చేతితో పోల్చాలంటే రెండూ ఒకే మనిషివి కావాలి కదా. అందుకని మీ పిల్లలకు ఇలా చెప్పండి: ఎముక మంచిగా దొరికితే ఆడా మగా, సుమారు వయసు, చేతులు కష్టం చేశాయా కాళ్లు కష్టం చేశాయా, ఎలా కూర్చునేవాడు అన్నది చెప్పొచ్చు. ఒక్క మనిషిని చూసి వృత్తి పేరు చెప్పేవాళ్లను "ఇంకేం ఆధారం ఉంది" అని అడగమనండి.

ప్రశ్న: అమ్మా, మా నాయన కల్లు గీయనీకి నలభై ఏళ్లు తాళ్లు (తాటిచెట్లు) ఎక్కిండు. పద్నాలుగో ఏట మోకు కట్టిండంట. పోయిన ఏడు కాలం చేసిండు, మా చెలకలోనే మట్టి చేసినం. వెయ్యేళ్ల తర్వాత ఎవరన్నా ఆయన బొక్కలు చూస్తే, ఏం పని చేసిండో తెలుస్తదా?
– గీత కార్మికుని బిడ్డ, హుజూరాబాద్

జవాబు: బిడ్డా, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

పద్నాలుగో ఏట అని రాశావు చూడు, అది ముఖ్యం. ఎముక పనికి ఎక్కువగా లొంగేది ఎదిగే వయసులోనే. ఫిన్లాండ్‌లో 1995లో టెన్నిస్, స్క్వాష్ ఆడే ఆడవాళ్లను చూస్తే, పెద్దమనిషి కాకముందే ఆట మొదలుపెట్టినవాళ్ల చేతి ఎముకకు, తర్వాత మొదలుపెట్టినవాళ్ల కంటే సుమారు రెండు రెట్లు ఎక్కువ లాభం కనిపించింది. మీ నాయన ఒళ్లు ఇంకా ఎదుగుతుండగానే చెట్టు ఎక్కింది. రోజుకు ఎన్నో చెట్లు, పొద్దున సాయంత్రం. నడుము వెనక మోకు మీద ఒళ్లంతా ఆని, పాదాలు లోపలికి తిప్పి మొద్దును పట్టుకొని, చేతులతో పైకి గుంజుకుంటూ. నేనే చూడాల్సి వస్తే ముందు దండ ఎముకల గోడలు చూస్తాను, రెండు వైపులా మందంగా ఉంటాయని నా ఆశ. తర్వాత చీలమండ, పాదం ఎముకలు. ఆపైన నడుము పూసలు. పాత విరుపు అతికిన గుర్తు ఉందేమో చూస్తాను, ఎందుకంటే తాళ్ల మీది నుంచి పడని ఇల్లు మీ వాడలో ఉండదు. విరిగి అతికిన ఎముక గుర్తు చాలాకాలం నిలుస్తుంది.

అయినా వెయ్యేళ్ల తర్వాతి మనిషి "ఈయన చేతులూ కాళ్లూ చిన్నప్పటి నుంచి గట్టి పని చేశాయి" అంటాడు. "కల్లు గీశాడు" అనడానికి ఆయన దగ్గర ఏముంటుంది? మన చెలకల్లో ఎర్రమట్టి చాలాచోట్ల ఎముకను అంతకాలం ఉంచదు కూడా. లండన్ నేతగాళ్లు నేతగాళ్లని తెలిసింది ఎముకల వల్ల కాదు, పేటిక మీద రేకు వల్ల, రాసిపెట్టిన రికార్డు వల్ల. ఆయన మోకు, ముత్తాదు, గీసిన కత్తి ఇంట్లో ఉంటే పారేయకు. ఎవరికీ ఇయ్యకు. పక్కన పెట్టి ఫోటో తియ్యి. ఎన్ని తాళ్లు, ఏ వనం, ఎప్పుడు మొదలుపెట్టాడు, ఎన్నిసార్లు పడ్డాడు, అమ్మను అడిగి నోట్‌బుక్‌లో రాయి. అమ్మకు గుర్తున్నప్పుడే రాయి. రాశాక నాకొక కాపీ పంపు, నేను చదవాలి.

ప్రశ్న: ఇంటి పునాది తవ్వుతుంటే పాత కుండ పెంకులు, కొన్ని బొక్కలు, పళ్లు వచ్చాయి. కొందరు లంకెబిందెలు అంటున్నారు, కొందరు పోలీసుల టెన్షన్ ఎందుకు, పూడ్చేయమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, పెద్దపల్లి జిల్లా

జవాబు: తవ్వకం అక్కడే ఆపండి. పూడ్చొద్దు. మనిషి ఎముకలు బయటపడితే పోలీసులకు చెప్పాల్సిందే, అవి పాతవో కొత్తవో తేల్చేది మీరూ నేనూ కాదు. తహసీల్దార్ ద్వారా కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి, పురావస్తు శాఖకు కబురు వెళ్తుంది. భూమిలో దొరికిన విలువైన వస్తువు ఏదైనా కలెక్టర్‌కు చెప్పాలని 1878 నాటి చట్టమే ఉంది. మీ జిల్లాలో పెద్దబంకూర్, ధూళికట్ట లాంటి శాతవాహనుల కాలం ఊళ్లు తవ్వి తీశారు. కాబట్టి మీ పునాదిలో వచ్చింది మామూలు పెంకులని తేల్చేయకండి.

ఏదీ కదపకుండా, పక్కన స్కేలో, పెన్నో పెట్టి నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయండి. వాన పడేలా ఉంటే పైన టార్పాలిన్ కప్పండి. బయటికి వచ్చేసిన వాటిని విడివిడిగా కాగితం కవర్లలో పెట్టండి, ప్లాస్టిక్‌లో పెడితే చెమ్మ పట్టి బూజు వస్తుంది.

పళ్లను మాత్రం అస్సలు కడగకండి, బ్రష్ పెట్టకండి. జర్మనీలో డాల్‌హైమ్ అనే చోట ఆడ సన్యాసుల మఠం స్మశానంలో వెయ్యేళ్ల కిందటి ఒక స్త్రీ దొరికింది. చనిపోయేనాటికి 45 నుంచి 60 ఏళ్ల మధ్య. ఎముకల్లో విశేషం ఏమీ లేదు. పంటి గారను మైక్రోస్కోప్ కింద పెడితే లోపల నీలం రేణువులు కనిపించాయి. అఫ్గానిస్తాన్ నుంచి వచ్చే లాజవర్దు రాయి పొడి అది, అప్పట్లో చాలా ఖరీదైన రంగు. ఆమె గ్రంథాలకు బొమ్మలు వేసేదని, కుంచె కొనను నోటితో తడిపి సన్నం చేసుకునేదని 2019లో ఆ పరిశోధకులు చెప్పారు. ఎవరో మంచి మనసుతో ఆ పళ్లు తోమి ఉంటే ఆ నీలం పోయేది. మీ కవర్ మీద తేదీ, ఎంత లోతులో దొరికిందో రాసి, మట్టితో సహా అలాగే అప్పగించండి.